నీళ్ళ వెనక నీడ

కాపురానికి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం కొత్త కోడలికి పక్క గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ గదికి తాళం వేసి ఉంది. ఇంట్లో ఉండేది ముగ్గురే. మొగుడు పనికి వెళ్ళాడు. అత్తగారు వసారాలో కూర్చుని టైలరు షాపు వాళ్ళ చొక్కాలకు కాజాలు కుడుతోంది. మిగిలిన మనిషి తనే. మరి లోపల ఎవరికి గాలి కావాల్సి వచ్చిందో అర్థం కాలేదు.

తలుపు సందుకు కన్ను ఆనించి చూసింది. ముడత లేకుండా దుప్పటి పరిచిన మంచం, ఒకే ఒక దిండు, పైన గిర్రున తిరుగుతున్న ఫ్యాను. గోడ మీద క్యాలెండరు కాగితం, ఎవరో తిప్పబోయి మనసు మార్చుకున్నట్టు, లేస్తోంది, పడుతోంది. అది ఆరేళ్ళ కిందటి క్యాలెండరు.

సాయంత్రం మొగుడు రాగానే గదిలోకి లాగి చెవిలో అడిగింది. "మీ ఇంట్లో దయ్యానికి ఉక్కపోస్తుందా?"

అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. జేబులోంచి పైపులకు చుట్టే తెల్లటేపు తీసి బల్ల మీద పెట్టి, "అది అన్నయ్య గది. ఫ్యాను అమ్మ వేస్తుంది. అడక్కు," అన్నాడు.

అన్నయ్య పోయాడని ఆమెకు పెళ్ళిచూపులప్పుడే చెప్పారు. ఊపిరితిత్తుల జబ్బు, ఇరవై ఏడేళ్ళకే, పెళ్ళి కాకుండా. ఆ మాట మీద జోకు వేసినందుకు ఆమె నాలుక కరుచుకుంది. పెళ్ళి సెలవులో ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ మూడు గంటలకు తాళం తీసిన చప్పుడు, ఫ్యాను చప్పుడు, నాలుగింటికి మళ్ళీ తాళం చప్పుడు. వారం తిరిగేసరికి అలవాటు పడింది. అలవాటు పడింది కానీ, ఆ గది గోడ పక్కన నడిచేటప్పుడు మాత్రం తెలియకుండానే అడుగులు మెల్లగా వేసేది.

అది తప్పిస్తే మిగతాదంతా పండగే. అత్తగారి ముందు 'మీరు', గది తలుపు వేయగానే 'నువ్వు'. ఆ 'నువ్వు' అనడం కోసమే రోజుకు నాలుగుసార్లు తలుపు వేయాలనిపించేది. దుప్పటి మడతపెట్టేటప్పుడు చెరో కొస పట్టుకుని దగ్గరికొస్తే, మూడో మడత దగ్గర ఇద్దరి వేళ్ళూ తగిలేవి. నాలుగో మడత ఎప్పుడూ సరిగ్గా కుదిరేది కాదు. అతను ప్లంబరు. ఉతకడానికి తీసిన ప్యాంటు జేబుల్లో రోజూ ఏదో ఒక ఇత్తడి నట్టు దొరికేది. వాటిని కిటికీ గట్టు మీద చిన్నదాని పక్కన పెద్దది వరసగా పేర్చుకుంది. ఊరందరి కుళాయిలూ బాగుచేసే మనిషి, సొంత స్నానాలగదిలో కుళాయి ఏడాదిగా కారుతున్నా పట్టించుకోనివాడు, ఆమె వచ్చిన పదో రోజున ఎవరూ చెప్పకుండా బిగించేశాడు. ఆ సంగతి ఆమె తన పనిచోట ముగ్గురికి మూడుసార్లు చెప్పింది.

ఆమె పని కోడిగుడ్లు పొదిగించే హేచరీలో. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన పిల్లకు దొరికిన మొదటి ఉద్యోగం అదే, మూడేళ్ళుగా అదే. నల్ల పరదాలు కట్టిన చీకటి గదిలో, పదో రోజు గుడ్లను ఒక్కొక్కటే చేతి లైటు మీద పెట్టి చూడాలి. లైటు మూతికి నల్ల రబ్బరు గిన్నె ఉంటుంది, వెలుగు పక్కకు పోకుండా. వెలుగు గుడ్డంతా నిండిపోతే 'ఖాళీ' అని పక్కన పెట్టాలి. లోపల నల్లగా అడ్డం కనిపిస్తే 'బాగుంది' అని ట్రేలో ఉంచాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె నోట్లోంచి వచ్చేవి ఆ రెండు మాటలే. మొగుడు ఆమెకు పెట్టిన పేరు గుడ్లగూబ.

నాలుగో నెలలో అతని నడక మారింది. ఇదివరకు కాలు గాల్లో తిప్పి స్కూటరెక్కేవాడు. ఇప్పుడు ముందు స్కూటర్ని వంచి, ఆచితూచి కూర్చుంటున్నాడు. కుర్చీ అంచున సర్దుకుంటున్నాడు.

"ఏంటి, పెద్దమనిషి నడక వచ్చింది. పెళ్ళాం రాగానే బరువు పెరిగిందా?" అంది ఆమె ఒక సెలవు రోజు ఉదయం.

అతను తలుపు వేసి ఉందో లేదో చూశాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పుకు చెబుతున్నట్టు చెప్పాడు. "ఎడం వైపు కాస్త లావైంది."

"ఎక్కడ ఎడం వైపు?"

"అక్కడ."

ఆమెకు ఒక్క క్షణం తర్వాత తట్టింది. "నొప్పా?"

"నొప్పుంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి. లేదు కాబట్టే చెప్పలేదు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందు నుంచీ కొంచెం ఉందనుకుంటా. ఈ నెలే పెరిగింది."

"అంటే ఇచ్చేటప్పుడు సరుకు సంగతి దాచిపెట్టారన్నమాట," అని నవ్వించాలని చూసింది. అతను సగమే నవ్వాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "చూద్దాంలే" అన్నాడు. ఆ 'చూద్దాంలే' తాళం వేసినట్టు వినిపించింది.

అప్పుడే ఆమెకు కాలేజీలో లెక్చరరు చెప్పింది గుర్తొచ్చింది. అక్కడ నీళ్ళు చేరితే లైటు పెట్టి చూస్తే వెలుగు దాటుతుందని. లైటు పెట్టి లోపలిది చూడటమంటే ఆ ఊరు మొత్తం మీద తనంత అనుభవం ఎవరికుంది? మరుసటి ఆదివారానికి హేచరీ నుంచి చేతి లైటు ఒకటి సంచిలో వేసుకొచ్చింది.

పట్టపగలు, కిటికీకి దుప్పటి కట్టి, ఇద్దరూ ఇంకో దుప్పటి కింద దూరారు.

"చల్లగా ఉంది. ఎక్కడెక్కడ పెట్టిందో ఏమో ఈ లైటు."

"గుడ్ల మీదే. మూడుసార్లు తుడిచాను. కదలకు."

"కదలడంలేదు, నువ్వు నవ్వి ఊపేస్తున్నావు."

"అత్తయ్య వింటారు, మెల్లగా."

ఆమె స్విచ్చి నొక్కింది. అరచేతి కింద టార్చి పెడితే వేళ్ళ మధ్య కనిపించే ఎరుపు, అంతకన్నా లేతగా, దుప్పటి కింద దీపంలా వెలిగింది. చూడటానికి అందంగానే ఉంది. ఆ వెలుగులో వెనక వైపు, కింద, చిక్కుడుగింజ ఆకారంలో నల్లటి అడ్డం. ఆమె కన్ను దాని మీద ఆగింది. నోరు "బాగుంది" అనేసింది.

"నీళ్ళేనా?"

"నీళ్ళే."

"నీళ్ళయితే నా డిపార్ట్‌మెంటే. నీళ్ళకి నేను భయపడితే ఇంట్లో ఎవరికీ అన్నం పుట్టదు." అతను గట్టిగా ఊపిరి వదిలి ఆమెను దుప్పటితో సహా చుట్టేశాడు. సరిగ్గా అప్పుడు పక్క గదిలో ఫ్యాను మొదలైంది. ఇద్దరూ నవ్వడం ఆపేశారు.

తర్వాత రెండు వారాలకు పైగా ఆ మాటే ఎత్తలేదు. అతను మళ్ళీ పాటలు పాడుకుంటూ స్నానం చేస్తున్నాడు. కిటికీ గట్టు మీద ఇత్తడి నట్లు పదిహేడయ్యాయి.

ఒక గురువారం హేచరీలో కొత్తగా ఒకామె చేరింది. చీకటి గదికి పెద్దదిక్కు లాంటి ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. ఇరవై ఏళ్ళుగా గుడ్లు చూసిన ఆవిడ. కొత్తావిడకు పని నేర్పుతోంది.

"ఇదిగో, చూడు. వెలుగు అడ్డం లేకుండా దాటిపోయిందా, లోపల ఏమీ లేదు. ఖాళీ. ఇది చూడు, నల్లగా ఉందా? లోపల పెరుగుతోందన్నమాట. పెరిగేదే నల్లగా ఉంటుంది. బాగుంది అని చెప్పి ఉంచెయ్యాలి."

"నలుపుంటే బాగున్నట్టా అక్కా?"

"మనకి బాగున్నట్టే."

పక్కన పని చేస్తున్న కోడలి చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. మూడేళ్ళుగా రోజుకు కొన్ని వేలసార్లు నలుపును చూసి బాగుంది అన్న నోరు, ఆ ఆదివారం కూడా నలుపును చూసి బాగుంది అంది. తను చూసి, ఆలోచించి, తేల్చి చెప్పిన మాట కాదది. నోరు దానంతటది చెప్పిన మాట. లోపల పెరుగుతోంది అనే అర్థం వచ్చే మాట.

"ఏమైందే, దయ్యాన్ని చూశావా?" అంది పెద్దక్క.

"ఏం లేదక్కా."

లెక్కపెట్టుకుంది. ఆదివారం నుంచి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. గుడ్డు సంగతి ఆమెకు రోజురోజుకీ తెలుసు. పదో రోజున సగం నలుపు. పద్నాలుగో రోజున ముప్పాతిక. పద్దెనిమిదో రోజున లైటు మీద పెడితే పైన పిసరంత గాలి గది తప్ప గుడ్డంతా చీకటే. మనిషి ఒంట్లో అలా రోజుల లెక్కన పెరగదని చదువుకున్న బుర్ర చెబుతూనే ఉంది. బుర్ర మాట కళ్ళు వినలేదు.

ఆ రోజు నుంచి ఆ నలుపు ఆమెను వదిలిపెట్టలేదు. బస్సులో ముందు సీటు మనిషి చెవి ఎండకు ఎర్రగా వెలిగితే, దానిలో మచ్చ కోసం వెతికింది. పండు కోస్తే గింజ చుట్టూ కత్తి ఆగిపోయింది. చీకటి గదిలో ట్రే మీద ట్రే వస్తుంటే ప్రతి గుడ్డులోనూ ఆ చిక్కుడుగింజే అటు తిరిగి పడుకుని ఉన్నట్టుండేది. "బాగుంది" అనలేక తల ఊపేది. పెద్దక్క రెండుసార్లు చూసి, మూడోసారి "ఇంటికెళ్ళు, నీకు ఒంట్లో బాగాలేదు," అంది. ఇంటికొస్తే గోడ అవతల ఫ్యాను. ఇదివరకు అది ఖాళీ గదిలో ఫ్యానులా వినిపించేది. ఇప్పుడు దాని కింద ఎవరో పడుకుని, కష్టంగా ఊపిరి తీస్తూ, ఈ గదిలో ఏం జరుగుతోందో వింటున్నట్టుంది.

శనివారం సాయంత్రం చెప్పేసింది.

"నేను తప్పు చెప్పాను. అది బాగుందో లేదో నాకు తెలీదు. నోటి అలవాటుకొద్దీ అనేశాను."

"ఇరవై రోజులు నిశ్చింతగా ఉన్నాను. నువ్వు చెప్పావని."

"అందుకే ఇప్పుడు మళ్ళీ చెబుతున్నాను. డాక్టరుకి చూపిద్దాం."

"ఇంకోసారి లైటు పెట్టి చూడు."

"లైటుతో తేలదు. నాకు ఆ నలుపేంటో తెలీదు."

"నీళ్ళే అయ్యుంటుంది."

"అయ్యుంటే ఆయన కూడా నీళ్ళే అంటాడు. మనకి పోయేదేముంది?"

అతను కిటికీ దగ్గరకు వెళ్ళి, గట్టు మీద నట్టు ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "అన్నయ్య ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళాడు. తెలుసా నీకు? దగ్గుకి మందు రాయించుకొస్తానని చెప్పి, నా చెప్పులేసుకుని నడుచుకుంటూ వెళ్ళాడు. వాళ్ళు ఒకటి చూశారు, ఇంకోటి చూశారు. నెల తిరక్కుండా పడుకోబెట్టి తీసుకొచ్చారు. వెళ్ళకపోయుంటే ఇంకో నాలుగేళ్ళు దగ్గుకుంటూ అయినా ఉండేవాడు."

"అలా ఎలా చెప్పగలవు?"

"చెప్పలేను. నువ్వు నాకు బాగుందని చెప్పలేవు, నేను నీకు ఇది చెప్పలేను. వదిలెయ్. అమ్మకి మాత్రం చెప్పకు. ఈ ఇంట్లో ఇంకో గదికి తాళం వేసే ఓపిక ఆవిడకి లేదు."

ఆ రాత్రి ఇద్దరూ దుప్పటి మడతపెట్టలేదు, దులిపి పరుచుకున్నారు అంతే. ఆదివారం అతను పని లేకపోయినా పని ఉందని వెళ్ళిపోయాడు.

మూడు గంటలకు తాళం చప్పుడు విని ఆమె లేచింది. ఆ రోజు తలుపు తెరిచే ఉంది. మొదటిసారి ఆ గది గడప దాటింది. అత్తగారు మంచం పట్టె మీద కూర్చుని ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజా కుడుతోంది. పైన ఫ్యాను. దారం గాలికి ఎగురుతుంటే మోచేత్తో అదిమిపెట్టుకుంటోంది.

"ఏంటమ్మాయ్," అంది తలెత్తకుండా.

"అత్తయ్యా, ఒక మాట చెప్పాలి. చెప్పొద్దన్నారు మీ అబ్బాయి."

"చెప్పొద్దన్నది చెప్పడానికి ఇక్కడిదాకా వచ్చావంటే పెద్ద మాటే. కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఏ పదం వాడాలో తెలియలేదు. డిగ్రీలో రాసిన పదం నోటికి రాలేదు, వీధిలో వినే పదం అత్తగారి ముందు రాదు. "ఆయనకి... కింద, మగవాళ్ళకి ఉండేచోట, వాపు వచ్చింది."

సూది ఆగింది.

"ఏ వైపు?"

ఏం వాపు అని అడగలేదు, ఎప్పట్నుంచి అని అడగలేదు.

"ఎడం."

"పెద్దాడికి కుడి," అంది అత్తగారు. సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. "గట్టిగా ఉందా?"

"తెలీదత్తయ్యా. మెత్తగానే ఉన్నట్టుంది."

"నొప్పి లేదన్నాడా?"

"లేదన్నారు."

"వాడూ అదే అన్నాడు. గోళీకాయంత గట్టిగా తగులుతోందమ్మా, నొప్పి మాత్రం లేదని. నాకు మొహం చూపించలేక గోడకి తిరిగి చెప్పాడు. ఇదిగో, ఈ మంచం మీదే." ఆవిడ దిండు సర్దింది, సర్దాల్సిన పనేమీ లేకపోయినా. "నేనేమన్నానో తెలుసా? సంబంధం మాట్లాడుతున్నారు, ఇలాంటివి బయట అనకూడదు అన్నాను. వేడి గుడ్డ పెట్టుకో, అదే పోతుందన్నాను. నొప్పి లేనిదానికి డాక్టరెందుకన్నాను. పది నెలలు. వాడు మళ్ళీ నాతో ఆ మాట అనలేదు. నేను అడగలేదు. నడుం నొప్పి అన్నాడు, నా కుట్టుపని చూసి నీకూ అంటుకుందని నవ్వాను. తర్వాత దగ్గు. తర్వాత పడుకుంటే ఊపిరాడేది కాదు. ఫ్యాను వెయ్యమ్మా, ఫ్యాను వెయ్యమ్మా అనేవాడు. తిరుగుతూనే ఉండేది అప్పటికి."

కోడలు మెల్లగా నేల మీద కూర్చుంది.

"డాక్టరు చెప్పాడు నాకు. అక్కడ మొదలై పైకి పాకిందని. నేను అందరికీ ఊపిరితిత్తులన్నాను. అబద్ధం కాదుగా. చిన్నాడికి కూడా అదే చెప్పాను. వాడికప్పుడు ఇరవై. అన్నకి అక్కడ జబ్బంటే వీడిక్కూడా సంబంధాలు రావని..." ఆవిడ ఆగింది. "చూశావా. అప్పుడూ సంబంధాల గురించే ఆలోచించాను."

గోడ మీద క్యాలెండరు లేచి పడింది. ఎవరూ దాని వైపు చూడలేదు. అత్తగారు లేచి, నాలుగు కొట్టకుండానే ఫ్యాను ఆపేసింది.

సాయంత్రం అతను వచ్చి, ఇద్దరి మొహాలూ తప్పించుకోవడానికి వంటగదిలో కుళాయి కింద దూరి రెంచితో ఏదో బిగించసాగాడు. బిగించాల్సిందేమీ లేదక్కడ. అత్తగారు వెళ్ళి అతని పక్కన నిలబడింది.

"రేపు మనం ముగ్గురం ఆసుపత్రికి వెళ్తున్నాం."

అతను పెళ్ళాం వైపు ఒక చూపు చూశాడు. "చెప్పేశావన్నమాట."

"దాన్నెందుకు చూస్తావు, నన్ను చూడు. మీ అన్నకి దగ్గు ఛాతీలో పుట్టలేదురా. నీకున్నచోటే పుట్టింది. పది నెలలు నేను దాచిపెట్టించాను. ఆసుపత్రి వాళ్ళు వాణ్ణి చంపలేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పటికి వాళ్ళకి ఏమీ మిగల్చలేదు నేను."

రెంచి అతని చేతిలోంచి జారి తొట్టిలో పడింది. ఆ చప్పుడు చాలాసేపు ఉన్నట్టనిపించింది. అతను అమ్మను ఏదైనా అంటాడేమోనని కోడలు చూసింది. అతను వంగి రెంచి తీసుకుని, తడి తుడిచి, సంచిలో పెట్టాడు.

"ఎన్నింటికి వెళ్ళాలి?" అన్నాడు.

డాక్టరు నడివయసు మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, అది ఎక్కడుందా అని బల్లంతా వెతికే రకం. అతన్ని తెర వెనక పడుకోబెట్టి, నిలబెట్టి, దగ్గించి చూశాడు. అత్తాకోడళ్ళు తెరకు ఇవతల. లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"దగ్గు. ఆఁ. పేగు జారలేదు. పడుకున్నా తగ్గడంలేదు, వేళ్ళకి వానపాముల్లా నరాలు తగలడంలేదు, కాబట్టి నరాల ఉబ్బు కాదు. జ్వరం, మంట? లేవు. ఉన్నట్టుండి మెలిపెట్టినట్టు నొప్పి ఎప్పుడైనా?"

"లేదండీ."

"అలా వస్తే మాత్రం గంటల్లో రావాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. చాలావరకు ఇక్కడొచ్చే వాపులు ప్రమాదం లేనివే. పక్కన విడిగా, మెత్తగా తగిలేవి నీటితిత్తులు. నేను వెతికేది ఒక్కటే, బీజంలోనే గట్టిగా, నొప్పి లేకుండా ఉండేది. నీకు చుట్టూ నీళ్ళుండటంతో లోపలిది నా వేళ్ళకి సరిగ్గా అందడంలేదు."

కోడలు తెర ఇవతల నుంచే అంది. "డాక్టరుగారూ, నేను లైటు పెట్టి చూశాను. వెలిగింది. వెనక నల్లగా ఉంది."

డాక్టరు తెర పక్కకు జరిపి తల బయటపెట్టాడు. "ఏ లైటు?"

"కోడిగుడ్లు చూసే లైటండీ."

ఆయన నవ్వలేదు. చొక్కా జేబులోంచి పెన్నంత టార్చి తీసి చూపించాడు. "నాదీ అంతే. నీదే పెద్దది. వెలిగిందంటే నీళ్ళున్నాయని తెలుస్తుందమ్మా. నీళ్ళ వెనక ఏముందో లైటు చెప్పదు. ఆ నలుపు ఆరోగ్యంగా ఉన్న బీజమే అయ్యుండొచ్చు. ఒక్కోసారి లోపల గడ్డ ఉండటం వల్లే చుట్టూ నీళ్ళు చేరతాయి. స్కాను చూడాలి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా?"

అత్తగారు చీర కొంగు సర్దుకుంది. "వీడి అన్నకి. కుడి బీజంలో క్యాన్సరు. పోయి ఆరేళ్ళయింది."

డాక్టరు కలం ఒక్క క్షణం కాగితం మీద ఆగింది. "చెప్పి మంచిపని చేశారు," అని రాసుకున్నాడు. "ఇప్పుడే చేయించుకురండి."

స్కాను గదిలోకి భార్యను రానిచ్చారు. అక్కడా చీకటే, తన పనిచోటులాగే. స్కాను చేసే డాక్టరమ్మ జిగురు రాస్తుంటే అతను "చల్లగా ఉంది" అని గొణిగాడు. ఆమెకు దుప్పటి కింద ఆదివారం గుర్తొచ్చింది. తెర మీద బొమ్మ వచ్చింది. నల్లగా. అంచు నుంచి అంచు దాకా చిక్కటి నలుపు, చిక్కుడుగింజ కాదు, చెరువంత. పద్దెనిమిదో రోజు గుడ్డు. ఆమె మంచం ఊచ పట్టుకుంది.

"అంత నల్లగా ఉందేంటి మేడం?"

"అది నీళ్ళు. స్కానులో నీళ్ళు నల్లగా కనిపిస్తాయి."

"నలుపంటే..."

"ఇక్కడ నలుపు మంచిదే. నేను చూడాల్సింది దాని మధ్యలో బూడిదరంగులో ఉన్నదాన్ని. మాట్లాడించకండి, ఒక్కో పొరా చూడాలి."

నల్లటి నీళ్ళ మధ్య కోడిగుడ్డు ఆకారంలో లేత బూడిదరంగు. డాక్టరమ్మ చెయ్యి దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా, మళ్ళీ అడ్డంగా, వెనక్కి, పైకి. తర్వాత కుడి వైపు కూడా అంతే శ్రద్ధగా. ఎక్కడా ఆగలేదు. ఆగుతుందేమోనని కోడలు ఆ చేతినే చూస్తూ కూర్చుంది. ఒకచోట ఆగింది. తుమ్మొచ్చి ఆగింది.

"రెండూ శుభ్రంగా ఉన్నాయి," అంది డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "అంతా ఒకే రంగు, ఎక్కడా గడ్డ లేదు. ఉత్త నీళ్ళే."

ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. అతని చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపించింది. అతను జిగురు తుడుచుకునే కాగితం అడిగి, అది తీసుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

కాగితాలు చూసి డాక్టరు కూడా అదే మాట చెప్పాడు. నీళ్ళను అలా వదిలేయొచ్చు, ఇబ్బంది పెడితే చిన్న ఆపరేషను. "కానీ అన్న సంగతి ఉంది కాబట్టి నెలకోసారి వేణ్ణీళ్ళ స్నానం అయ్యాక నువ్వే రెండు వైపులా తడిమి చూసుకో. గట్టిగా కొత్తది తగిలితే ఆ వారమే రావాలి. సిగ్గుపడుతూ పది నెలలు కూర్చోకు." పది నెలల సంగతి ఆయనకు తెలియదు. నోటికొచ్చిన లెక్క అన్నాడు.

అత్తగారు అప్పుడడిగింది. "మొదటి నెలలో తీసుకొచ్చుంటే?"

డాక్టరు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అతనికి వచ్చింది ఏ రకమో చూడకుండా నేను చెప్పలేనమ్మా. మొదట్లో వచ్చినవాళ్ళలో చాలామంది బాగవుతారు. అది మాత్రం నిజం."

ఆవిడ తలూపింది, రంగు దారం అడిగితే ఉందని చెప్పినట్టు.

బయట వరండాలో పొడవాటి బెంచీ. అతను స్కాను కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఆకలేస్తోంది, ఏదైనా తిందాం," అన్నాడు. పొద్దున్నుంచి మొదటిసారి అతని గొంతు అతనిదిలా ఉంది. కోడలి పెదాలు వాటంతటవే సాగాయి. అత్తగారి మొహం చూసి లోపలికి లాక్కుంది.

ఆవిడ బెంచీ మీద కూర్చుంది.

"అమ్మాయ్, లోపల ఎంతసేపు పట్టింది?"

"స్కానుకా అత్తయ్యా? పది పన్నెండు నిమిషాలు."

"సరిగ్గా చెప్పు."

ఆమె అతని జేబులోంచి స్కాను కాగితం తీసి, మొదలుపెట్టినప్పుడూ ముగించినప్పుడూ వేసిన టైములు చూసింది. "పన్నెండు."

"రెండు వైపులూ కలిపేనా?"

"కలిపే."

అత్తగారు ఎదురుగా గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ ఇరవై. "మీరు వెళ్ళి తినండి. నేనిక్కడ కూర్చుంటాను. పన్నెండు నిమిషాలంటే ఎంతో చూస్తాను."

"అమ్మా, లే. ఇంటికెళ్దాం."

"వెళ్దాంరా. అంతసేపు కూర్చోనీ."

వాళ్ళు వెళ్ళలేదు. అతను అమ్మకు ఒక పక్కన, ఆమె ఇంకో పక్కన కూర్చున్నారు. సంతోషం ఆమె ఒంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక అరికాళ్ళలోకి వెళ్ళి కాళ్ళను ఆడిస్తుంటే, చేతులతో మోకాళ్ళు అదిమిపెట్టుకుంది. మూడో నిమిషంలో ఒక నర్సు ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది. ఆరో నిమిషంలో అతను అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. సూది గుచ్చుకుని గరుకెక్కిన ఆ వేళ్ళు అతని చేతిలో కదలలేదు. తొమ్మిదో నిమిషం చాలా పొడుగ్గా ఉంది. ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు, ఒక యువకుడు లేచి లోపలికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది.

పదకొండూ ముప్పై రెండైంది.

ముల్లు దాటిపోయినా అత్తగారు దాన్నే చూస్తోంది.

"ఇంతేనా," అంది.

కోడలు జవాబు చెప్పబోయి మానేసింది. ఆ మాట అడిగింది తనను కాదు.